చవితి పందిట్లో ‘చిత్రం’ సినిమా వెయ్యొచ్చా, వెయ్యకూడదా?

పాత సైకిలు (పర్లాకిమిడి, ఒడిశా):
ఈ ఏడు (2025) చవితి ఆగస్టు 27న. పందిట్లో ఒక రాత్రి తెర కట్టి సినిమా వేద్దామనుకున్నాం. మా బేచ్ వాళ్లందరిదీ ఒకే మాట, ‘చిత్రం’. 2000 జూన్‌లో వచ్చింది, పాతికేళ్లు నిండేయి. కమిటీలో పెద్దలిద్దరు ససేమిరా అన్నారు. "దేవుడి పందిట్లో కడుపొచ్చిన పిల్ల కథేటిరా?" అని.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల కుర్రోడు, ఫారిన్ నించి వచ్చిన అమ్మాయి. ప్రేమ, తొందరపాటు, కడుపు, పెళ్లి, చంకలో బిడ్డ, చేతిలో పుస్తకాలు. ఇదంతా నవ్విస్తూనే చెప్తాడు తేజ. డైరెక్టర్‌గా అతనికి అదే మొదటిది, హీరోగా ఉదయ్ కిరణ్‌కీ అదే మొదటిది.

అప్పుడు నాను ప్లస్ టూ మొదటి ఏడు. నలుగురం, రెండు సైకిళ్లు, ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నం వెళ్లి చూసేం. తిరిగొచ్చినప్పుడు వంతెన దాకా ఎవడూ మాటాడలేదు. తర్వాత వెనక కూర్చున్నోడు ‘కుక్క కావాలి’ ఎత్తుకున్నాడు. అంతే, పర్లాకిమిడి వచ్చేదాకా ఆపలేదు. ఇప్పుడు ఆ నలుగురిలో ముగ్గురికి ఆ వయసు పిల్లలున్నారు. చెప్పండి, వెయ్యొచ్చా?

పట్టుచీర (బరంపురం):
సినిమా గొప్పది కాదు బావా, నీ పదిహేడేళ్లు గొప్పవి. ఆ రాత్రి ఏరు దాటెళ్లి ఏ సినిమా చూసున్నా ఇలాగే రాసేవాడివి.

ఇంకో మాట, చేదుగా ఉన్నా చెప్తాను. ‘చిత్రం’, ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’, వరసగా మూడు ఆడేయి ఉదయ్ కిరణ్‌కి. 2014 జనవరిలో పోయేడు, 33 ఏళ్లకే. ఇప్పుడా మొహం తెర మీద నవ్వుతుంటే మనకి గుండె పట్టేస్తుంది. ఆ బాధని తీసుకెళ్లి సినిమా ఖాతాలో జమ చెయ్యకు. నా ఓటు ‘నువ్వే కావాలి’కి. అదే ఏడాది అక్టోబరు, అదే ఉషాకిరణ్ మూవీస్. త్రివిక్రమ్ మాటలు, జాతీయ అవార్డు. ముసిలోళ్లు, పిల్లలు ఒకే చాప మీద కూర్చుని చూడొచ్చు.

పాత సైకిలు:
‘నువ్వే కావాలి’ మంచిదే, కాదన్లేదు. కాని అందులో కష్టమేటి చెప్పు? చెప్పాలా వద్దా, అంతే కదా. చెప్పేస్తే తీరిపోద్ది. ‘చిత్రం’లో చెప్పేసేకే కష్టం మొదలు. అందులో పిల్లలు కూడా వీధిలోంచి లాక్కొచ్చి కెమెరా ముందు నిలబెట్టినట్టుంటారు. ఆ గేంగులో ఒకడు ఇప్పటికీ చిత్రం శ్రీనుగానే బతుకుతున్నాడు. సినిమా పేరు ఇంటిపేరైపోయిందంటే ఊరికే అయిందా?

పట్టుచీర:
ఇంటిపేరైతే చాలా? మా మేనత్త కొడుకుని పాతికేళ్లుగా ‘ఇడ్లీ’ అంటున్నాం. వాడేం గొప్పోడు కాలేదు.

రైలు బండి (రాయగడ):
‘కుక్క కావాలి’ పాటకి నా ఓటు. మిగతాది మీరూ మీరూ కొట్టుకోండి. అప్పట్లో మా క్లాసులో ఒడియా కుర్రోడు కేసెట్ అట్ట మీద సంగీతం ఆర్పీ పట్నాయక్ అని చూసి "మా వాడే" అని కాలరెగరేసేడు. పాట రాసిన కులశేఖర్ మా విశాఖవైపు వాడని మేమెగరేసేం. క్లాసంతా ఒక కుక్క కోసం రెండు రాష్ట్రాలయిపోయింది. పాపం కులశేఖర్ కూడా నిరుడు నవంబర్లో పోయేరు.

పంతులమ్మ (గంజాం జిల్లా):
మీరందరూ మగపిల్లలుగా చూసేరు ఆ సినిమా. నాను బడిలో పాఠం చెప్పేదాన్ని, నా లెక్క వేరు.

2022 జనవరిలో మన గంజాం జిల్లాని బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించేరు. ప్రకటించినంత సుళువు కాదది. ఆడపిల్ల వారం రోజులు బడికి రాకపోతే ఇంటికెళ్తాను. "అమ్మమ్మ ఊరెళ్లింది" అంటారు. ఏ ఊరు, ఎప్పుడొస్తుంది అని రెండోసారి అడిగితే తల్లి నేల చూపులు చూస్తుంది. అప్పుడు తెలిసిపోతుంది. అలాటి ఇంటి నించి వచ్చి, రాత్రి టీవీలో ‘చిత్రం’ చూస్తే నవ్వొస్తుందా?

చట్టం కూడా కొత్తదేం కాదు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 అన్నది 1978 నించే ఉంది. 2000లోనూ ఆ పెళ్లి నేరమే. 2012లో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) వచ్చేక, పద్దెనిమిది నిండని పిల్లతో ఇష్టపడి జరిగినా నేరమే. కోపం నాకా పిల్లల మీద లేదు. తప్పు జరిగింది, పెళ్లి చేసేస్తే ఒప్పయింది అన్న లెక్క మా ఊళ్లలో ఇంకా నడుస్తోంది. దానికి పాటలు, నవ్వులు కలిపితే ఇంకా తీపిగా దిగుతుంది గొంతులోకి.

పాత సైకిలు:
అమ్మా, మీరు చెప్పింది చదివి మధ్యాహ్నం నించి జవాబు రాయలేకపోయేను. ఆ నేల చూపులు మా వీధిలోనూ చూసేను, అప్పుడు అర్థం కాలేదు.

ఒక్క దగ్గర మాత్రం ఒప్పుకోను. మామూలు ప్రేమ సినిమాలో పెళ్లితో శుభం కార్డు పడిపోద్ది, మనం చెప్పులేసుకుని లేచిపోతాం. తీపి అంటే అది. ఇందులో పెళ్లయ్యేక కూడా మనల్ని కూర్చోబెడతాడు. బిడ్డ ఏడుస్తుంది, చదవాలి, నిద్ర లేదు. ఆ వంతెన దాకా మేం మాటాడకపోవడానికి అదే కారణం. నవ్వుకుంటూ బయటికొచ్చేం గాని, ప్రేమిద్దాం అని ఒక్కడికీ అనిపించలేదు. నాకైతే రెండేళ్లు అనిపించలేదు!

నవ్వు లేకపోతే ఆ కథ ఎవడు వింటాడు? అదే మాట సర్కారు వాళ్లు గోడ మీద రాస్తే చదవకుండా పోతాం.

మాస్టారు (రిటైరు, పర్లాకిమిడి):
నాయనా, వద్దన్న పెద్దలిద్దరిలో ఒకణ్ని నేనే. కథ గొడవ పంతులమ్మగారు చెప్పేరు. నా గొడవ భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊరి బడిలో పాఠం చెప్తూ వాడుక భాష కోసం పండితులందరితో కలబడ్డారు. ఆయన అడిగింది జనం మాటాడే తెలుగు. మీ సినిమాలో పిల్లలు మాటాడేది కూడా వాడుకే, సరే. కాని ఎవడి వాడుక? అందులో హీరో నోట ‘ఏటి’ అని రాదు. మన మాట సినిమాల్లో వంటవాడికో, నవ్వించే నౌకరుకో ఇస్తారు. పాతికేళ్లుగా అందరికీ నచ్చిందంటున్నారు. మనకి నచ్చడానికి అందులో మనం ఏ మూల ఉన్నాం?

రైలు బండి:
మాస్టారూ, మనం ఏ సినిమాలోనూ లేం. ఒడియా సినిమాలోనూ లేం. అలగైతే తెర కట్టడమే మానేయాల.

గోపాలపురం అల (బరంపురం):
అన్నయ్యా, వాదన ఎందుకు, పోయిన నెల మా అమ్మాయికి చూపించేశాను. పదిహేనేళ్లు, ఒడియా మీడియం. తెలుగు మాటాడుతుంది, చదవడం రాదు, పేర్లు పడుతుంటే నేనే చదివి వినిపించాను.

నేనీ సినిమాని టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా ఇంట్లో రెండు ఈటీవీలూ వచ్చేవి, తెలుగుదీ, 2002లో మొదలైన ఒడియాదీ. రిమోట్ మాత్రం మా అత్తగారి దగ్గరుండేది. ఆవిడ వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఓ పాట చూసేదాన్ని. అలా ముక్కలు ముక్కలుగా చూసి మొత్తం నాకు తెలుసనుకున్నాను.

మా పిల్ల నేను నవ్విన చోట నవ్వలేదు. స్నేహితులు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేటప్పుడు మాత్రం పడీ పడీ నవ్వింది. "ఇతను హీరోలా లేడమ్మా, మా క్లాసు అబ్బాయిలా ఉన్నాడు" అంది. ఉదయ్ కిరణ్ ఎవరో దానికి తెలీదు, పోయాడనీ తెలీదు. పట్టుచీర గారూ, మీ జాలి లెక్క అక్కడే తప్పింది.

కడుపు విషయం వచ్చినప్పుడు భయపడ్డాను, ఏం అడుగుతుందో అని. అది అడిగింది: "వీళ్లెవరూ 1098కి, అదే పిల్లల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యరేం? మా స్కూల్ గోడ మీద రాసుంటుంది కదా." నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. గోడ మీద రాస్తే ఎవరూ చదవరని సైకిలు అన్నయ్య అన్నాడు గాని, చదివేవాళ్లున్నారు.

ఆ రాత్రి పడుకునేముందు ఇంకో మాట అడిగింది. అది ఇక్కడ రాయను, మా ఇద్దరి మధ్యే. కాని ఆ సినిమా లేకపోతే అది అడిగేది కాదు, నేను చెప్పేదాన్ని కాదు.

పంతులమ్మ:
తల్లీ, మీ అమ్మాయి పక్కన మీరున్నారు. నా దగ్గర చదివేవాళ్లలో సగం మందికి ఆ పక్క చోటు ఖాళీ.

పట్టుచీర:
జాలి మాట వెనక్కి తీసుకుంటున్నా, పదిహేనేళ్ల పిల్ల చేతిలో ఓడిపోడం సిగ్గేం కాదు. ‘నువ్వే కావాలి’ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాత సైకిలు:
సరే, నాను కమిటీకి చెప్పబోయేది ఇది. రాత్రి తొమ్మిది దాటేక, చిన్నపిల్లలు పడుకున్నాక వేద్దాం. పంతులమ్మగారూ, బస్సు టిక్కెట్టు మాది, మీరొచ్చి ముందు రెండు మాటలు చెప్పండి.

పంతులమ్మ:
ముందు మాటలు చెప్తే ఎవరూ వినరు. వస్తాను గాని మాటాడను. వెనక, ఆడపిల్లల మధ్య కూర్చుంటాను. వాళ్లు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ నవ్వరో చూడాలి. ఒప్పుకున్నానని మాత్రం ఎక్కడా రాయకండి.

మాస్టారు:
మూడో రాత్రి మాత్రం వద్దు. ఆగస్టు 29 గిడుగు వారి పుట్టినరోజు. ఆ రోజు మైకు నాది.

పాత సైకిలు:
అయితే రెండో రాత్రి, 28. పోయినేడు గాలికి తెర చిరిగిపోయింది, ఆ సంగతి గుర్తుందా ఎవరికైనా? తెల్ల దుప్పట్లు కుట్టి కట్టాల. డబుల్ కాట్‌వి, పువ్వుల్లేనివి, ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి.

రైలు బండి:
మా ఇంట్లో ఒకటుంది. మధ్యలో చిన్న కిళ్లీ మరకుంది, పర్లేదా?