ఎల్దమొస్తవా, ఎల్దమొత్తవా?

(చెన్నై తెలుగువాళ్ల గుంపులో మాటలు. మనుషుల పేర్లకు బదులు వాళ్ల పేటల పేర్లు.)

వేళచ్చేరి: నిన్న వంటింట్లో కూనిరాగం తీస్తూ "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" అన్నాను. మా అత్తగారిది పార్వతీపురం పక్క పల్లె. తాలింపు వేస్తున్న గరిటె ఆపి, "వస్తవ కాదమ్మా, వత్తవ. ఎల్దమొత్తవ. మావేపు స్త అని ఎవులంటారు?" అన్నారు. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. నాకు మాత్రం స్త అనే విన్నట్టు గుర్తు. ఈ పాట కట్టిన ప్రజాకవి వంగపండు ప్రసాదరావు అసలు ఏమని కట్టారు? ఆయన పాడుతుంటే ఎదురుగా విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పెరంబూరు: అత్తగారికే నా ఓటు. ఆయనది పెదబొండపల్లి, పార్వతీపురానికి దగ్గరే. ఆ పక్క వస్తాను అంటే వత్తాను, చూస్తాను అంటే సూత్తాను. 1943లో అక్కడ పుట్టి, 2020 ఆగస్టులో ఆ గడ్డమీదే కన్నుమూసిన మనిషి నోట స్త ఎలా పలుకుతుంది? రాసుకున్నవాళ్లు దిద్దేసి ఉంటారు.

అన్నానగర్: అదే లెక్కయితే "ఏం" ఎక్కడిది బాబాయ్? మీవాళ్లు "ఏటి" అంటారు కదా. "ఏటి పిల్లడో" అని ఎందుకు లేదు? నా అనుమానం వేరు. 1972లో గద్దర్, బి.నర్సింగరావు వాళ్లతో కలిసి జననాట్యమండలి అనే విప్లవ పాటల బృందం పెట్టాక ఆయన పాటలు తెలంగాణ గొంతుల్లోకి వచ్చాయి. వస్తవ, పోతవ అని చివర కురచ చేయడం మా వరంగల్ అలవాటు. మీ కొండ దిగి మా ఊరు తిరిగాక పట్టిన స్త అది.

పెరంబూరు: కురచ చేయడం మీ ఒక్కరి సొత్తేం కాదులే తమ్ముడూ.

గిండీ: అడగొచ్చో లేదో, ఇది డ్యూయెట్ కాదా? 2009లో వచ్చిన ఒక సినిమా పాటలో ఈ ముక్క విన్నాను. హీరో హీరోయిన్లే గుర్తొస్తారు.

పెరంబూరు: అయ్యో! 1967 అక్టోబరులో లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు పోయాక రాజుకున్న శ్రీకాకుళం గిరిజన రైతుల పోరాటం ఉంది అందులో. వెళ్దామంటున్నది కొండకి, మెరీనా బీచికి కాదు. అయినా నీ తప్పు లేదు. సరసానికి పిలిచినట్టే పిలిచి పోరులోకి లాక్కుపోవడమే ఆయన కిటుకు. గజ్జె కట్టి ఆడుతూ పాడితే, ముందు కాలు కదిలేది, సంగతి తర్వాత తలకెక్కేది. అంతకుముందే ఆ పోరాటంలోని కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథతో ఆ పని చేశాడు. 1969లో చంపేశారు.

గిండీ: మా ఆఫీసులో తమిళ కుర్రాడు లంచ్‌కి లేస్తూ "పోలాం, వరియా?" అంటాడు. అచ్చం ఎల్దమొస్తవ! వెళ్దాం అన్నప్పుడే నన్ను కలిపేసుకున్నాడు, మళ్లీ వస్తావా అని అడగడం ఏమిటో.

వేళచ్చేరి: భలే పట్టావు. పెళ్లిచూపులకి మావాళ్లు నన్ను అడిగింది కూడా అలాగే. సరే, స్త సంగతి?

మైలాపూరు: ఆలస్యంగా చూశాను. "ఏం" ఇక్కడ ప్రశ్న కాదు. "ఏం బావా, బయల్దేరావా?" అన్నప్పటి పిలుపు. "ఏటి" పెడితే నిలదీసినట్టు ఉంటుంది. అదీగాక మాత్రలు లెక్కపెట్టండి, లఘువుకి ఒకటి, గురువుకి రెండు. ఏం పిల్లడో, ఏడు. ఎల్దమొస్తవ, ఏడు. "ఏటి" అంటే ఎనిమిది, చివర "వా" అని సాగదీసినా ఎనిమిదే. ఏడూ ఏడూ పద్నాలుగు. విజయనగరం మనిషి ఒకాయన 1910లో పద్నాలుగు మాత్రల పాదంతో ఏం చేశాడో ఈ గుంపులో వేరే చెప్పాలా?

అన్నానగర్: ముత్యాలసరమా! మాస్టారూ, మీరు ఏది మొదలుపెట్టినా గురజాడ ఇంటి అరుగు మీదే తేలతారు.

టీ.నగర్: ముత్యాలసరం పాదం మాత్రలు విరిగేది మూడు నాలుగు, మూడు నాలుగుగా. "ఎల్ద మొస్తవ" అలా విరుగుతుంది, ఒప్పుకుంటాను. "ఏం పిల్‌ లడో" నాలుగు మూడు. తిరగబడింది. కాబట్టి కాదు.

మైలాపూరు: డప్పు మీద పాడేవాడు మీ గణాలు చూసుకుంటాడా? గురజాడ ఆ నడకను జానపదుల నోటి నుంచే పట్టుకున్నాడు. అదే నేల, అదే నడక. వంగపండు ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనక్కర్లేదు.

టీ.నగర్: నోటి నుంచే అయితే లెక్కెందుకు పెట్టారు? సరే, లెక్కే కావాలంటే "దేశమును ప్రేమించుమన్నా" చూడండి. పక్కన "ప్రే" ఉంది కదా, "ను" గురువా, లఘువా?

మైలాపూరు: లఘువే. దేశ, మునుప్రే, మించు, మన్నా. "ప్రే" ఒత్తు బరువు "ను" మీద పడకుండా తేల్చి పలకాలి.

టీ.నగర్: మా నాన్నగారు ఆ బరువు "ను" మీద పడేలా ఊది పలికేవారు. ఆయన తెలుగు పండితులు.

పెరంబూరు: ఊది పలికితే ఆ పాదంలో ఒక మాత్ర ఎక్కువైపోదూ?

వేళచ్చేరి: అయ్యా, మా అత్తగారు పక్కనే కూర్చుని అడుగుతున్నారు. స్తనా, త్తనా?

టీ.నగర్: మాత్రల్లో రెండూ ఒకటే అక్కా. ముందు ఈ "ను" తేలనివ్వండి.