జాజ్ బేస్ పికప్‌లు మార్చాలి: స్ప్లిట్ కాయిలా, హంబకరా?

లోనోటు:
నాది జాజ్ బేస్ తరహా నాలుగు తీగల బేస్ గిటార్. తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండు, ఒక్కోదానిలో ఒకే తీగచుట్ట (సింగిల్ కాయిల్), బ్యాటరీ అక్కర్లేని ప్యాసివ్ రకం. ఒక్కడినే కూర్చుని వాయించుకుంటే చెవికి ఎంత హాయిగా ఉంటుందో! బ్యాండ్‌తో కలిస్తే మాత్రం రెండు గిటార్లు, ఒక కీబోర్డు మధ్యలో నేనున్నానో లేనో ఎవరికీ తెలియదు. బ్రిడ్జ్ (తీగలు బాడీకి ఆనే చోటు) వైపు పికప్ ఒక్కటే ఉంచితే కాస్త వినిపిస్తున్నాను, కానీ గుయ్‌మని ఒకటే హమ్. పాట ఆగగానే అందరూ నా వైపే చూస్తారు. ప్రెసిషన్ బేస్ తరహా స్ప్లిట్ కాయిల్ (రెండు ముక్కల పికప్) వేయించమని ఒకరు, బ్యాటరీతో నడిచే యాక్టివ్ హంబకర్ (రెండు కాయిల్‌లతో హమ్‌ని కొట్టేసే పికప్) అయితేనే పని జరుగుతుందని ఇంకొకరు. బాడీ చెక్కించడం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

తీగలబాబాయ్:
తమ్ముడూ, రెండు పికప్‌ల వాల్యూములూ పూర్తిగా తెరిచి చూడు, హమ్ దాదాపు పోతుంది. జాజ్ బేస్‌లలో మామూలుగా రెండో పికప్‌కి కాయిల్ చుట్టిన దిశా, అయస్కాంతమూ తిరగేసి ఉంటాయి. అందుకే రెండూ సమానంగా ఉన్నప్పుడు ఒకదాని హమ్‌ని ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గించావా, హమ్ మళ్లీ తయారు.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఒకే తీగని రెండు పికప్‌లు రెండు చోట్ల వింటాయి కదా, కలిపినప్పుడు మధ్య స్థాయి ధ్వని కొంత కొట్టుకుపోతుంది. అడుగున బరువు, పైన మెరుపు మిగులుతాయి. విడిగా వింటే అదే అందం. గిటార్లు, కీబోర్డు మోగుతున్నప్పుడు బేస్‌ని పట్టిచ్చేది ఆ మధ్య భాగమే. అంటే ఇంట్లో నీకు నచ్చిన సౌండే బ్యాండ్‌లో నిన్ను మింగేస్తోంది.

ప్రెసిషన్ బేస్ గొడవ లేకుండా వినిపించడానికి ఒక కారణం, అందులో ఉన్నది ఒకే పికప్, అదీ మధ్యలో. 1951లో వచ్చినప్పుడు అది మామూలు సింగిల్ కాయిలే. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ముక్కకి రెండు తీగలు అప్పజెప్పి, చుట్లు ఎదురెదురుగా పెట్టారు. హమ్ పోయింది. కానీ నీ బాడీలో అది పట్టదు, చెక్కాల్సిందే.

ఏదైనా కొనే ముందు ఈసారి రిహార్సల్‌లో రెండూ తెరిచి, నెక్ (మెడ) వైపు పికప్ వాల్యూమ్ కొద్దిగా, వేలు కదిలీ కదలనంత, దించి చూడు.

బొటనవేలు:
బాబాయ్ గారు ప్రెసిషన్ మనిషి, అందరికీ తెలిసిందే! హంబకర్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. 1976లో వచ్చిన స్టింగ్‌రే బేస్‌లో ఒకే పెద్ద హంబకర్, ఒక యాక్టివ్ ప్రీయాంప్ (బ్యాటరీతో సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్). స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయిస్తే ఎంత రొదలోనైనా పైకి తేలుతుంది. అది మీ బేస్‌లో పట్టదు, నిజమే. కానీ జాజ్ సైజులోనే యాక్టివ్ పికప్‌లు దొరుకుతాయి. ఈఎమ్‌జీ కంపెనీ వాళ్లవాటిలో ప్రీయాంప్ పికప్ లోపలే ఉంటుంది. హమ్ ఉండదు, పొడవాటి కేబుల్ వేసినా పై ధ్వని మొద్దుబారదు. కాకపోతే 9 వోల్టుల బ్యాటరీ పెట్టే చోటు చూసుకోవాలి, ఇప్పుడున్న 250కె (కిలో ఓమ్‌ల) పాట్‌లు, అంటే వాల్యూమ్ తిప్పే భాగాలు, తీసి 25కెవి వేయాలి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. బ్యాటరీకి స్విచ్ ఆ జాకే. రాత్రంతా ఉంచితే అది ఆన్‌లోనే ఉంటుంది.

లోనోటు:
నెక్ కొంచెం దించి వాయించాను. కీబోర్డు అతను వెనక్కి తిరిగి ఏం మార్చావని అడిగాడు! అయితే సన్నగా హమ్ మొదలైంది. తీగల మీద చెయ్యి వేస్తే కొంత తగ్గుతోంది. లోపల రాగి రేకు అంటిస్తే సరిపోతుందా? నేను వేళ్లతోనే వాయిస్తాను, స్లాప్ చాలా తక్కువ.

తీగలబాబాయ్:
చెయ్యి వేస్తే తగ్గుతోందంటే గ్రౌండ్ వైరు బాగానే ఉంది. పెరిగితే అనుమానించాలి. రాగి రేకు జర్‌మనే చప్పుడుని తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే హమ్ అయస్కాంత క్షేత్రం ద్వారా వస్తుంది, దాన్ని రేకు ఆపలేదు. బేస్ పట్టుకుని నిలబడ్డ చోటే గుండ్రంగా తిరుగు, ఒక దిక్కున హమ్ దాదాపు మాయమవుతుంది. అలా జరిగితే రేకు మీద ఆశ పెట్టుకోకు.

స్లాప్ తక్కువంటున్నావు కాబట్టి బ్యాటరీ గొడవ దేనికి? జాజ్ సైజు కవరులోనే ప్రెసిషన్ లాగా రెండు ముక్కల కాయిల్ ఉండే హమ్ లేని పికప్‌లు దొరుకుతాయి. కాయిల్ కింద కాయిల్ పెట్టిన స్టాక్ రకం కూడా ఉంది కానీ, నా చెవికి దాని పై ధ్వని కాస్త నీరసం. స్ప్లిట్‌కే నా ఓటు. ఏ పికప్‌కి ఆ పికప్పే హమ్ కొట్టేసుకుంటుంది కనుక నెక్ ఎంత దించినా పర్వాలేదు. పాత పాట్‌లే చాలు.

బిగించాక చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి ఎత్తు చూడు. తీగకీ పికప్‌కీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందుతో మొదలుపెట్టు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి కింది స్వరాలు వణుకుతాయి. రెండు పికప్‌లూ సెట్‌గానే కొను. రెండూ తెరిచినప్పుడు సౌండ్ పీలగా, అడుగు లేకుండా వస్తే, ఫేజ్ తిరగబడిందని, అంటే ఒకదాని సిగ్నల్‌కి ఇంకొకటి ఎదురుతిరిగిందని అర్థం. అప్పుడు ఒక పికప్ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి టంకం వేయించు.