అప్‌డేట్: వీడియోలు కట్టిపెట్టి ఆట చూసి వచ్చాను

ఐదుకి మూడు నక్షత్రాల రేటింగే ఉన్న ఓ హైస్కూలు బాస్కెట్‌బాల్ గార్డును (బంతిని ముందుకు నడిపించే ఆటగాడిని) మా కాలేజీ జట్టు ఎందుకు కోరుకుంటోందని పోయిన నెల విసుగ్గా అడిగాను కదా. 'వీడియో ముక్కలు చూసి తీర్పు చెప్పకండి, బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తాడో చూడండి' అన్నారు మీలో చాలామంది. శుక్రవారం సాయంత్రం మా రాలీ నగరం (అమెరికాలోని నార్త్ కరోలినా) నుంచి గంటన్నర కారు నడిపి వెళ్లి చూశాను.

ఆ కుర్రాడు వేసినవి తొమ్మిది పాయింట్లే. కానీ మూడో క్వార్టర్‌లో తోటి ఆటగాడు బంతి పోగొట్టుకుంటే, చేతులు ఎగరేసి విసుక్కోకుండా కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తి అవతలి జట్టువాడి లేఅప్‌ను (బుట్ట దగ్గరికొచ్చి వేసే షాట్‌ను) వెనక నుంచి బోర్డుకేసి కొట్టాడు. షూ లేసు ఊడి ఉంది, అలాగే. ఎడమచేతి డ్రిబుల్ మాత్రం పచ్చిగానే ఉంది. ఇంకా ఎదుగుతాడేమోనని, పెళ్లిసంబంధానికి వెళ్లినట్టు, వాళ్ల నాన్న ఎత్తు కూడా ఓరకంట చూశాను!

బాస్కెట్‌బాల్ దిగ్గజం స్టెఫెన్ కరీని గుర్తుచేసినవారికి: నిజమే, పెద్ద కాలేజీ జట్లు స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే డేవిడ్‌సన్‌లో చేరి, 2008లో ఆ చిన్న కాలేజీని జాతీయ కాలేజీ టోర్నమెంట్‌లో ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల దశ) దాకా నడిపించాడు. అలాగని మూడు నక్షత్రాల ప్రతివాడూ కరీ అయిపోడు. అయినా ఈ కుర్రాడిపై నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.