నాన్నగారి ఆధార్, పాన్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు, ఛానెల్ తీయించడం ఎలా?

మాది విశాఖపట్నం, గాజువాక. ఒక మెసేజింగ్ యాప్‌లో 'కేవైసీ కిట్లు' (ఒకరి గుర్తింపు పత్రాల కాపీల సెట్లు) అమ్మే ఛానెల్‌లో మా నాన్నగారి ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోలు కనిపించాయి. సెట్ 400 రూపాయలట. డబ్బులు క్రిప్టోలోనే తీసుకుంటున్నారు. ఆధార్ జిరాక్స్ మీద నాన్న ఆకుపచ్చ ఇంకుతో పెట్టిన సంతకం, పక్కన స్టేప్లర్ చిల్లులు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడో ఇచ్చిన కాపీనే అది.

యాప్‌లో మూడుసార్లు రిపోర్ట్ చేశాను. ఛానెల్ పోయింది, కానీ మర్నాడు సాయంత్రానికే అదే పేరు చివర 2 తగిలించుకుని, అవే ఫొటోలతో మళ్లీ వచ్చింది. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాను, స్క్రీన్‌షాట్లు, లింకులు జతచేశాను. ఛానెల్ అడ్మిన్ నంబర్ విదేశానిది, వివరాలు యాప్ కంపెనీ నుంచి రావాలి అని పోలీసులు అన్నారు. అది నిజమే, వాళ్లనీ తప్పుపట్టలేం.

ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేశాం. మన పేరు మీద ఉన్న సిమ్‌లు చూపించే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూస్తే నాన్న పేరు మీద మావి కాని సిమ్‌లు 2 ఉన్నాయి! రెండింటికీ 'నాట్ మై నంబర్' పెట్టాం. ఒకటి ఆగింది, రెండోది ఇంకా పెండింగ్‌లోనే ఉంది. క్రెడిట్ రిపోర్ట్‌లో కొత్త లోన్లు ఏమీ లేవు, అయినా రోజూ టెన్షనే.

యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి 16 రోజులైంది, జవాబు లేదు. ఇక గ్రీవెన్స్ ఆఫీసర్ దగ్గర పని కాకపోతే అప్పీలు చేసుకోవడానికి 2023లో కేంద్రం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీయే మిగిలింది.

ఇలా పేరు మార్చుకుంటూ తిరిగొచ్చే ఛానెల్‌పై ఆ కమిటీకి అప్పీలు చేసి తీయించినవాళ్లు ఉంటే, ఏ ఆధారాలు జతచేశారో దయచేసి చెప్తారా?