'విసారణై' సగంలో ఆపేశాను, మూడు రాత్రులుగా నిద్ర లేదు. మిమ్మల్ని ఇలా వదలకుండా పట్టుకున్న సినిమా ఏది, ఎందుకు?

మధురవాడ_సైటు

అందరికీ నమస్తే. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ సైటులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నేను రక్తం చూసి భయపడే రకం కాదు. జగదాంబలో మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళి, హీరో కత్తి తీస్తే కాగితాలు ఎగరేసిన బ్యాచ్ మాది. ఒక్క ఫైటులో ముప్పై మంది పడిపోయినా చేతిలో పాప్‌కార్న్ పక్కన పెట్టిన గుర్తు లేదు.

అలాంటిది మొన్న శనివారం రాత్రి రూమ్‌లో ఒక్కడినే ల్యాప్‌టాప్‌లో 'విసారణై' పెట్టుకుని గంట కూడా చూడలేకపోయాను. తెలియనివాళ్ళకి: 2016లో రిలీజైన వెట్రిమారన్ తమిళ సినిమా. పని కోసం తమిళనాడు నుంచి గుంటూరు వచ్చిన కుర్రాళ్ళు, ఉండటానికి చోటు లేక పార్కులో పడుకుంటుంటారు. ఓ పెద్దింట్లో దొంగతనం జరుగుతుంది, కేసు ఎలాగోలా మూసెయ్యాలి, పోలీసులు వీళ్ళని ఎత్తుకొచ్చి చెయ్యని నేరం ఒప్పుకోమని కొడతారు. ఎం. చంద్రకుమార్ అనే కోయంబత్తూరు ఆటో డ్రైవర్ తన మీద జరిగిందే 'లాకప్' అని పుస్తకం రాస్తే దాన్నుంచి తీశారట.

దెబ్బలు ఘోరంగానే ఉన్నాయి, పాండి అనే కుర్రాడిని నిలబెట్టి కొట్టే దగ్గర చెయ్యి దానంతటదే స్పేస్ బార్ మీదికి వెళ్ళిపోయింది. కానీ నాకు తగిలింది అది కాదనుకుంటున్నాను. ఆ కుర్రాళ్ళకి తెలుగు రాదు, పోలీసులు తిట్టేది తెలుగులో. కుర్రాళ్ళ మాటలకి సబ్‌టైటిల్స్ చదువుకుంటున్నాను, లాఠీ పట్టుకున్నవాడి మాటలు మాత్రం చదవక్కర్లేకుండానే చెవిలో పడుతున్నాయి. మా ఇంట్లో మా బాబాయిలు మాట్లాడే భాష. వాళ్ళు ఏమీ అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నాకు మొత్తం అర్థమవుతోంది. సినిమాలో ఎప్పుడూ దెబ్బలు తినేవాడి పక్కన కూర్చుంటాను, ఈసారి నా కుర్చీ ఎవరో తీసుకెళ్ళి టేబుల్‌కి అవతలి వైపు, పోలీసుల పక్కన వేసినట్టయింది.

రక్తం కాదు, మరి ఏంటిది? మీకూ ఇలా జరిగితే సినిమా పేరు ఒక్కటే చెప్పి వెళ్ళిపోకండి, ఎక్కడ తగిలిందో రాయండి.

డాబాగార్డెన్స్_డీటీఎస్

బ్రో, నేను సౌండ్ పని చేస్తాను, నాకు తెలిసినంతలో చెప్తాను. నువ్వు పాప్‌కార్న్ తింటూ చూసిన ఫైట్లలో దెబ్బ సౌండ్ ఉంది చూడు, నిజంగా మనిషిని కొడితే ఆ సౌండ్ రాదు. అది స్టూడియోలో తయారు చేసింది. పైన మ్యూజిక్, స్లో మోషన్. ఆ సౌండ్ వినపడగానే ఇది ఆట అని చెవి మనసుకి ముందే చెప్పేస్తుంది, అందుకే ముప్పై మంది పడినా మనం హాయిగా కూర్చుంటాం. ఆ గుర్తులన్నీ తీసేసి, లాఠీ ఒంటి మీద పడిన చప్పుడు, తర్వాత ఆ మనిషి ఊపిరి మాత్రమే వదిలారనుకో, కాపాడటానికి మనకేమీ మిగలదు.

దీనికి ఉల్టాగా సౌండ్‌తోనే మనిషిని పాడు చేసినవాళ్ళూ ఉన్నారు. గాస్పర్ నోయే 2002లో తీసిన 'ఇర్రివర్సిబుల్' అని ఫ్రెంచ్ సినిమా, దయచేసి సరదాకి వెతుక్కుని చూడొద్దు. అందులో మొదటి అరగంట 30 హెర్ట్జ్ లోపు రొద ఒకటి కలిపాడు. మన చెవికి అందేదే సుమారు 20 హెర్ట్జ్ నుంచి. అంటే వింటున్నామో లేదో కూడా తెలీదు, ఛాతీలో, పొట్టలో మాత్రం ఏదో తేడాగా ఉంటుంది. కాన్ ఫెస్టివల్‌లో జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. అందరూ సౌండ్ వల్లే వెళ్ళారని నేననను, అందులో చూపించినవి అలాంటివి. కానీ కళ్ళు మూసుకున్నా తప్పించుకునే దారి లేకుండా చేశాడన్నది నిజం.

ఇంకో మాట. 1960 'సైకో'లో స్నానాల గది సీన్ అందరికీ గుర్తుంటుంది, అందులో కత్తి ఒంట్లో దిగడం దాదాపు కనపడదు. నలుపు తెలుపు సినిమా గనక రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు. గుచ్చింది వయొలిన్లు, మిగతాది మనమే ఊహించుకున్నాం.

రిషికొండ_అమ్మ

నాది రక్తం లేని సినిమా, పైగా బొమ్మల సినిమా. 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్', 1988, జపాన్. దర్శకుడు ఇసావో తకహాతా. బొమ్మల సినిమా కదా అని నాలుగేళ్ళ పాపని ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను, అది నా తప్పే. పాప పది నిమిషాల్లో నిద్రపోయింది, నేను చివరి దాకా చూశాను.

యుద్ధంలో కోబే నగరం మీద బాంబులు పడి తల్లి పోతుంది. పద్నాలుగేళ్ళ అన్న, నాలుగేళ్ళ చెల్లి. అన్న బతకడని సినిమా మొదట్లోనే చెప్పేస్తారు, స్టేషన్లో పడి ఉంటాడు, వచ్చేపోయేవాళ్ళు తప్పుకుని వెళ్తుంటారు. ముందే తెలిసినా ఆశ పోదండి, అదే చంపేస్తుంది. చెల్లి దగ్గర పండ్ల రుచి బిళ్ళల డబ్బా ఒకటి ఉంటుంది. బిళ్ళలు అయిపోయాక అన్న అందులో నీళ్ళు పోసి గిలకొట్టి తాగిస్తాడు, అడుగున అంటుకున్న తీపి కోసం. ఇంకా తర్వాత, ఆకలితో ఆ పిల్లకి మతి తప్పే దశలో, మట్టితో అన్నం ముద్దలు చేసి అన్నకి పెడుతుంది, తిను అని.

సినిమా చూసిన తర్వాతి ఆదివారం పిల్లని బీచ్‌కి తీసుకెళ్ళాం. అది తడి ఇసుకతో ఇడ్లీలు చేసి, ఆకు మీద పెట్టి నా దగ్గరికి తెచ్చి "అమ్మా తిను" అంది. పిల్లలందరూ ఆడే ఆటే కదా, అంతకుముందు వంద సార్లు తిన్నట్టు నటించాను. ఆ రోజు నా వల్ల కాలేదు. ఆకు విదిలించి కొట్టాను, ఇసుక దాని గౌను మీద పడింది, బిత్తరపోయి చూసింది. మా ఆయనకి ఏం చెప్పాలో తెలీలేదు.

ఆ కథ రాసిన అకియుకి నొసాకా చెల్లెలు 1945లో నిజంగానే తిండి లేక పోయింది. తను తిన్నాను, చెల్లికి పెట్టలేకపోయాను అన్న బాధతో రాశాడు. అది చదివాక నాకు ఒకటి అర్థమైంది. ఆ సినిమాలో చెడ్డవాడు ఎవడో ఒకడు ఉండుంటే వాడి మీద కోపం పెట్టుకుని నిద్రపోయేదాన్ని. లేడు.

నైట్_డ్యూటీ

అందరూ ఏమనుకోకండి, నాకొక సందేహం. ఇవన్నీ ఎందుకు చూడాలి? నేను నర్సుని, క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు. ఉదయం ఎనిమిదికి రూమ్‌కి వచ్చి పడుకోవాలంటే ఏదో ఒక పాత కామెడీ పెట్టుకోవాలి. నిజం చూపించారు, నిజం చూపించారు అంటారు. నాకు నిజం రోజూ పన్నెండు గంటల షిఫ్టు ఉంది. తెల్లవారుజామున ఎవరో ఒక తల్లికి నేను చెప్పాల్సి వస్తుంది, ఆ తల్లి మొహం చూడాలి, మళ్ళీ ఇంటికొచ్చి అదే చూడమంటారా?

పిల్లల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌లోనే 7+, 13+, 16+ అని వేరు చేశారు. అది చూసి పెట్టండి. మా అన్నయ్య కొడుకు, పదేళ్ళవాడు, పెద్దవాళ్ళ ఫోన్లో ఏదో చూసి నెల రోజులు ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్ళలేదు.

పాత_పోస్టర్లు

అమ్మా, నువ్వు చెప్పింది సబబే. రోజూ మోసేవాళ్ళని ఇంకా మొయ్యమనే హక్కు ఎవరికీ లేదు. నాకు అరవై ఏడు. మా రోజుల్లో మేము కావాలని వెళ్ళింది కూడా కాదు, ప్రేమకథ అని వెళ్ళాం.

1978, 'మరోచరిత్ర'. బాలచందర్. అప్పటికి రంగుల సినిమాలు మామూలైపోయాయి, ఇది నలుపు తెలుపు. ఇప్పటివాళ్ళకి పాటలు మాత్రం తెలుసు. మన విశాఖపట్నం, మన భీమిలి, మేము ఆదివారాలు బస్సెక్కి వెళ్ళే చోట్లే తెర మీద. తమిళ కుర్రాడు, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్ళు, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. (మధురవాడ తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది, అక్కడా తమిళ కుర్రాడే, తెలుగు ఊరే.) పెద్దవాళ్ళు ఒక షరతు పెడతారు: ఏడాది పాటు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, అప్పటికీ ప్రేమ నిలిస్తే పెళ్ళి. ఆ ఏడాదిని బాలచందర్ మా చేత కూడా లెక్కపెట్టించాడు. అంతా అయిపోయి, గెలిచి, ఒకరి కోసం ఒకరు పరిగెత్తుకొచ్చే రోజునే ఇద్దరూ పోతారు.

లైట్లు వేశారు. మామూలుగా అయితే చివరి సీన్‌కే సగం మంది గేటు దగ్గర ఉంటారు, ఆ రోజు ఎవరూ లేవలేదు. మా బ్యాచ్‌లో అందరికంటే అల్లరివాడు సిగరెట్ వెలిగించి, కాల్చకుండానే వేళ్ళ దాకా వచ్చేవరకూ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రెండు నెలలు మేము భీమిలి బస్సెక్కలేదు. అక్కడి గోడల మీద జంటలు పేర్లు రాసుకుని ఉంటాయి, అంతకుముందు చదివి నవ్వుకునేవాళ్ళం. ఎవరో తెలియని ఊళ్ళో జరిగితే ఏడ్చి మర్చిపోతాం. మనం వేరుశెనక్కాయలు తిన్న చోట జరిగితే మర్చిపోలేం.

కమలాక్షి

నా పేరులోనే ఉంది నా సినిమా. బి. నర్సింగరావు గారి 'దాసి', 1988. దొర గడీలో వెట్టి చేసే పిల్ల కమలాక్షిగా అర్చన, ఉత్తమ నటి జాతీయ అవార్డు వచ్చింది దీనికి. దొర వల్ల గర్భం వస్తే, ఆ గర్భం కూడా వాళ్ళు చెప్పినట్టే తీయించుకోవాలి. పిల్ల ఎదురు తిరగదు, పెద్ద డైలాగు చెప్పదు. అరుస్తుందేమో, ఏదో ఒకటి అంటుందేమో అని చివరిదాకా ఎదురు చూశాను. ఆ ఎదురుచూపే ఇప్పటికీ ఉండిపోయింది.

వెంకటాపురం

ఇది సినిమా కాదు సిరీస్, అయినా రాస్తాను. మాది ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైన ఆర్.ఆర్. వెంకటాపురం. ఊరి పేరు చెప్తే అర్థమవుతుంది.

2023లో 'ద రైల్వే మెన్' వచ్చింది, 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకైనప్పుడు రైల్వే స్టేషన్‌లో ఏం జరిగిందన్న కథ. ఆఫీసులో అందరూ బాగుందన్నారని పెట్టాను. ప్లాట్‌ఫారం మీద జనం ఒక్కొక్కరే కూలిపోయే దగ్గరికి వచ్చేసరికి నాకు వాసన వచ్చింది. నిజంగా వచ్చింది, ఇంట్లో వంటగదికి వెళ్ళి సిలిండర్ చూశాను, కట్టేసే ఉంది. అక్కడ లీకైంది వేరే గ్యాసు, మా దగ్గర స్టైరీన్, రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ముక్కుకి తెలీదు.

2020 మే 7 తెల్లవారుజామున మా అమ్మని బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, తడి తువ్వాలు మొహానికి కట్టి, ఏ వైపు వెళ్తున్నానో తెలియకుండా నడిపాను. దారిలో ఒక ఆవు తాడు కట్టినట్టే పడి ఉంది. అమ్మ నా చొక్కా పట్టుకుంది, కాసేపటికి పట్టు వదులైంది, వెనక్కి చూడటానికి ధైర్యం చాల్లేదు. అమ్మ బాగానే ఉందిప్పుడు. పన్నెండు మంది లేరు.

మిగతా వాళ్ళందరూ తర్వాత ఏమవుతుందా అని చూశారు. నేను ఆ తువ్వాలు ఎక్కడ పెట్టానా అని వెతుక్కున్నాను. మధురవాడ అన్నా, నువ్వు ఏంటిది అని అడిగావు కదా, నా అనుమానం ఒకటే. సినిమా నీకు కొత్తగా ఏదీ చూపించి ఉండదు. నీ దగ్గర ఉన్నదాన్నే బయటికి తీసుంటుంది. నీ సంగతి నాకు తెలీదు, చెప్పాలనిపిస్తే చెప్పు.

మధురవాడ_సైటు

రెండు రోజులు ఎవరికీ జవాబు రాయలేదు, క్షమించండి. వెంకటాపురం తమ్ముడు అడిగినందుకు చెప్తున్నాను.

మా సైటులో ఒడిశా కుర్రాళ్ళు నలుగురున్నారు, సెల్లార్‌లోనే రేకులు అడ్డం పెట్టుకుని పడుకుంటారు. పోయిన నెల ఎలక్ట్రికల్ వాళ్ళ రాగి వైరు కాయిల్స్ రెండు కనపడలేదు. కాంట్రాక్టర్ వచ్చి ఎవరి మీద అనుమానం అని అడిగాడు. నేను ఆలోచించను కూడా లేదు, సెల్లార్ వైపు చెయ్యి చూపించాను. పోలీసుల దాకా వెళ్ళలేదు. కానీ ఆ నలుగురినీ మధ్యాహ్నం ఎండలో కంకర కుప్ప పక్కన కూర్చోబెట్టి, సంచులు బోర్లించి, ఒకడిని చెంప మీద కొట్టారు. మేమందరం తెలుగులో మాట్లాడుకుంటున్నాం, వాళ్ళు మా నోళ్ళ వైపే చూస్తున్నారు. రెండు రోజులకి ఆ కాయిల్స్ స్టోరులో సిమెంట్ బస్తాల వెనక దొరికాయి. దొరికాయి అని రిజిస్టర్‌లో రాసుకున్నాం. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సినిమా మొదలైన పావుగంటకే నాకు ఇది గుర్తొచ్చింది, మొదటి పోస్టులో రాయడానికి సిగ్గేసింది.

నిన్న పొద్దున్న పని మొదలయ్యే ముందు సెల్లార్‌లోకి వెళ్ళి నాకొచ్చిన హిందీలో చెప్పాను. వైరు దొరికింది, మీ తప్పు లేదు, పేరు చెప్పింది నేనే అని. ముగ్గురు పర్లేదు సార్ అన్నారు. దెబ్బ తిన్న కుర్రాడు మాలు కలుపుతున్నాడు, పార ఆపలేదు, తలెత్తలేదు.

సినిమా మిగతాది ఇంకా చూడలేదు.