చెరువు1, చెరువు2, చెరువు3... ఇంతోటి దానికి స్టేట్ మొనాడ్ కావాలా?

ఇందుకూరుపేట కుర్రోడు:
రొయ్యల చెరువుల లెక్కలకి హాస్కెల్‌లో (ఒకసారి పెట్టిన విలువ మారని ప్రోగ్రామింగ్ భాష) యాప్ రాస్తున్నాం. చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లాలు) చూశాక చచ్చిన రొయ్యల్ని లెక్కలోంచి తీసేయాలి, సగటు బరువు మార్చాలి, ఆపైన మేత తేల్చాలి. వరస తప్పకూడదు. ప్రతి ఫంక్షనూ పాత చెరువు వివరాలు తీసుకుని మార్చిన కొత్త వివరాలు ఇస్తుంది, వాటికి చెరువు1, చెరువు2 అని పేర్లు పెడుతున్నాం. మా టీమ్‌లో ఒకతను మేత ఫంక్షనుకి చెరువు2 బదులు చెరువు1 ఇచ్చాడు. టైపు ఒకటే కదా, కంపైలర్ కిక్కురుమనలేదు. పాత బరువు మీదే మేత లెక్కొచ్చింది. అంతా స్టేట్ మొనాడ్‌లోకి (మారే వివరాల్ని ఒక ఫంక్షన్ నుంచి ఇంకోదానికి తనే అందించే పద్ధతి) మార్చేద్దామంటే సగం మంది వద్దంటున్నారు.

ఒంగోలు గిత్త:
నేనూ వద్దనే అంటాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఎలిక్సర్ (ఇంకో ప్రోగ్రామింగ్ భాష) వాళ్లు పైపు వాడినట్టు, ఒక ఫంక్షన్ ఫలితాన్ని నేరుగా తర్వాతి దానికి పంపండి. మధ్యలో పేర్లే లేకపోతే తప్పు పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇందుకూరుపేట కుర్రోడు:
మేత ఫంక్షన్ చెరువుతో పాటు కిలోలు కూడా ఇస్తుందన్నా. జత వచ్చిన చోట పైపు తెగిపోతోంది.

కావలి అక్క:
స్టేట్ మొనాడ్ ఉన్నదే అందుకు. పాత స్టేట్ తీసుకుని ఫలితాన్నీ కొత్త స్టేట్‌నీ జతగా ఇచ్చే ఫంక్షనే అది, అంతకు మించి మాయేం లేదు. అలాగని అన్నిట్నీ అందులోకి తోయకండి. బరువు మార్చే ఫంక్షన్ మామూలుగానే ఉండనివ్వండి, టెస్టు రాయడం తేలిక. వాటిని వరసలో పేర్చే పై ఫంక్షన్ ఒక్కటే స్టేట్‌లో రాయండి, చాలు.
ఇంకోటి. కంట్రోల్.మొనాడ్.స్టేట్ అని ఇంపోర్ట్ చేస్తే వచ్చేది లేజీ రకం, అంటే అవసరం పడేదాకా లెక్కని వాయిదా వేసేది. సీజన్ మొత్తం లాగ్ మళ్లీ నడిపితే చేయని లెక్కలన్నీ మెమరీలో పేరుకుపోవచ్చు. స్ట్రిక్ట్ రకం తెచ్చుకుని, మాడిఫై ప్రైమ్ (స్టేట్‌ని అప్పటికప్పుడే లెక్కించి మార్చే ఫంక్షన్) వాడి, రికార్డు ఫీల్డులకీ బ్యాంగ్ (వాయిదా వేయొద్దని చెప్పే ! గుర్తు) పెట్టండి. మాడిఫై ప్రైమ్ పై పెంకు వరకే లెక్కిస్తుంది, లోపలి ఫీల్డుల జోలికి పోదు.

ఒంగోలు గిత్త:
చూశారా, ఒక్క జత కోసం ఎన్ని జాగ్రత్తలో! ఎర్లాంగ్ అనే భాష వాళ్లు స్టేట్1, స్టేట్2 అనుకుంటూనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు. వాడని పేరుంటే కంపైలరే వార్నింగ్ ఇస్తుంది.

కావలి అక్క:
ఎక్కడా వాడకపోతేనే ఇస్తుంది. చెరువు2ని కింద స్క్రీన్ మీద చూపించడానికి వాడారనుకోండి, వార్నింగ్ ఏదీ?

ఇందుకూరుపేట కుర్రోడు:
ఎలిక్సర్‌లోలా ప్రతిసారీ 'చెరువు' అనే ఒకటే పేరు పెట్టుకుంటే?

కావలి అక్క:
హాస్కెల్‌లో లెట్‌తో పెట్టిన పేరు తనను తానే పిలుచుకుంటుంది తమ్ముడూ. కుడివైపు చెరువు కూడా కొత్తదే అయిపోయి ప్రోగ్రామ్ అక్కడే తిరుగుతూ కూర్చుంటుంది.