మనవరాలి చేత తింటున్న అత్తగారు మా చేత తినడం లేదు, ఏం చేయాలి?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. 78 ఏళ్ల మా అత్తగారికి అల్జీమర్స్ ఉన్నట్లు బరంపురంలో వైద్యులు నిర్ధారించారు. పగలు ప్రశాంతంగానే ఉంటారు గానీ, సాయంత్రం 5 గంటలు దాటేసరికి, ఈ వ్యాధిలో తరచూ కనిపించే ఆందోళన మొదలై, ఎవరినీ గుర్తుపట్టక, పుట్టింటికి వెళ్లిపోతానంటూ 8 గంటల వరకు పళ్లెం ముట్టరు. భోజనం వేళ మార్చాము, దీపాలు ముందుగానే వేశాము, టీవీ ఆపేశాము. పాత ఫొటోలు చూపి మేమెవరమో గుర్తుచేసిన కొద్దీ భయం పెరుగుతోంది.

అదే మా నాలుగేళ్ల పాప వెళితే తింటారు. "నువ్వెవరి పిల్లవే?" అని ఆవిడ రోజూ అడిగితే, పాప రోజూ కొత్తగా పేరు చెప్పి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, చోడి (రాగి) అంబలి ముందు తానొక చెంచా తాగి, తర్వాతది ఆవిడ నోటికి అందిస్తుంది. నానమ్మ తనను మరిచిపోయిందన్న బాధ ఆ పిల్లకు లేదు. గుర్తింపు కోరని ఆ ప్రేమే ఆవిడకు ధైర్యమిస్తోందని నా నమ్మకం. నేనూ మావారూ అచ్చం అలాగే చేసి చూసినా మా చేతిని తోసేస్తున్నారు. పసిపిల్ల మీద రోజూ ఇంత భారం వేయడం న్యాయం కాదు.

ఇలాంటి పెద్దవారిని చూసుకున్నవారు దయచేసి చెప్పండి: సాయంత్రం ఆ మూడు గంటల్లో పెద్దవాళ్లమైన మేము ఏ మాటతో, ఏ పద్ధతిలో దగ్గరైతే ఆవిడ మా చేత తింటారు?